పది రోజులకని వచ్చిన నర్సమ్మ

మొన్న మంగళవారం పొద్దున మా అమ్మ ఫోన్ చేసింది. పొద్దున పూట మా అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. అది కొట్టు ఊడ్చి, నీళ్ళు చల్లి, పరుపులు తెచ్చి బయట పెట్టుకునే వేళ. ఆ వేళలో పలకరించిన వాళ్ళని కసురుకుంటుంది కూడా. అందుకే ఫోన్‌లో అమ్మ పేరు చూడగానే చేతిలో పని వదిలేసి ఎత్తాను.

"నర్సమ్మ పోయిందే" అంది.

 అమ్మ వెనకాల నరసరావుపేట వీధిలో ఆటోలు పోతున్న చప్పుడు వినపడింది. ఎట్టా పోయిందని అడిగాను. "ఎట్టా ఏంది? నిద్దర్లో. టీ తీసకపోతే లేవలా" అని కసిరి, ఫోన్ పెట్టేసింది. నా చుట్టూ లారీలు, క్రేన్లు, హెల్మెట్లు పెట్టుకున్న జనం. వాళ్ళలో ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పినా "మీకేమవుతారు?" అని అడుగుతారు. 

మీలో ఎవరికీ ఆమె తెలియదు. పేపర్లో వేసేంత మనిషి కాదు. మాకు చుట్టమూ కాదు. మేం నమాజు చదువుకునే వాళ్ళం, ఆమె ఆదివారం చర్చికి పోయే మనిషి. మాది నరసరావుపేట, ఆమెది గురజాల పక్కన పల్లె. బతుకంతా మద్రాసులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరై, అక్కడే ఒక పాత వీధిలో అద్దె గదిలో ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. అలాంటి మనిషి మా పరుపుల కొట్టు వెనక గదిలో కన్ను మూసింది. ఆ గదికి ఆమె వచ్చింది పది రోజులకని. ఆ పది రోజులు ఎందుకు అయిపోలేదో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

మద్రాసులో భూమి కింద మెట్రో రైలుకి సొరంగాలు తవ్వుతున్నారు. తవ్వేది మనుషులు కాదు, ఒక మిషన్. వీధి అంత పొడుగుంటుంది. ముందు గుండ్రటి మొహం, దాని నిండా పళ్ళు. తిరుగుతూ మట్టిని, రాయిని కొరుక్కుంటూ, వెనకాలే కాంక్రీటు పలకలతో గోడ కట్టుకుంటూ పోతుంది. పైన మాత్రం మామూలుగా ఇళ్ళుంటాయి, ఇళ్ళల్లో జనం ఇడ్లీలు తింటుంటారు. వాళ్ళ కింద నుంచి అది పోయేటప్పుడు నేల కుంగకూడదు, గోడలు విచ్చకూడదు. అది కనిపెట్టి చూసే వాళ్ళలో నేనొకదాన్ని. కిందికి దిగి తవ్వను. పైన ఇంటింటికీ తిరిగి, గోడల్లో పాత పగుళ్ళు వెతికి, వాటి మీద గీతలున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అంటించి, వారం వారం వచ్చి పగులు పెరిగిందా లేదా అని చూసుకుంటాను. పాలిటెక్నిక్ చదివించింది ఊళ్ళో వాళ్ళ గోడలు చూసి రమ్మనా అని మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆ వీధిలో మమ్మల్ని చూస్తే తలుపులు వేసేసేవాళ్ళు. ఇల్లు కూలగొట్టడానికి వచ్చామనుకునేవాళ్ళు. నాకు తమిళం అంతంత మాత్రం. ఒక రోజు మధ్యాహ్నం ఎండలో, ఒక పాత మేడ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మా అమ్మతో పోట్లాడుతున్నాను. "తిన్నానే అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలా, తిన్నా!" అని అరుస్తున్నాను. పక్కన తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల చీరలో ఒక పెద్దావిడ.

"ఏ ఊరే నీది?"

ఫోన్ చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాను. "నరసరావుపేటండీ."

"అందుకే అట్టా అరుస్తన్నావు" అని నా మణికట్టు పట్టుకుంది. పలకరింపుగా పట్టుకుందనుకున్నాను. కాదు, నాడి చూస్తోంది. "ఏం తిన్లా నువ్వు. లోపలికి రా" అంది. అమ్మ ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఆ మాట విని అవతల నుంచి "చూశావా!" అని కేకేసింది. నాకు తెలియకుండా వాళ్ళిద్దరూ ఆ రోజే ఒకటైపోయారు.

ఎవరితో మాట్లాడినా మణికట్టు పట్టుకోవడం ఆమె అలవాటు. ఆ గది కూడా ఆసుపత్రి వార్డులాగే ఉండేది. ఒక మంచం, దాని మీద ముడత లేని దుప్పటి, ఒక స్టవ్వు, ఒక సంచి. కుర్చీ లేదు. మంచం మీద కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టింది. నేను లేవగానే దుప్పటి మళ్ళీ లాగి నాలుగు మూలలా బిగించింది. "భయమేసినా, దిగులేసినా ముందు దుప్పటి సరిచెయ్యాలే. చేతులకి పని దొరికితే గుండె నెమ్మదిస్తది" అనేది. ఎన్ని వేల మంది దుప్పట్లు సరిచేసిందో ఆమె. తన దిగులు ఎంతుండేదో ఆ మంచం చూస్తే తెలిసిపోయేది.

ఆమె మంచం పైనే కిటికీ మూల నుంచి ఒక పాత పగులుంది. దాని మీద బిళ్ళ అంటించాను. పై వారం పోయేసరికి గదిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాని మీద స్టిక్కరు కూడా తీయలేదు. "ఎవరొచ్చారు నర్సమ్మా?" అన్నాను. "ఎవరొస్తారే? నువ్వే గదా రావాల్సింది" అంది. వారంలో ఆమె తలుపు కొట్టేది నేనొక్కదాన్నేనట. పాలవాడు కూడా ప్యాకెట్టు గొళ్ళేనికి తగిలించి పోతాడట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. నేను పగులు వంక చూస్తూ నిలబడ్డాను. పెరగలేదు, తగ్గలేదు. రెండు నిమిషాల పనికి ఆ ఇంట్లో నేను గంట కూర్చునేదాన్ని.

తన కింద నుంచి పోయే ఆ మిషన్ ఎట్టుంటుందో చూడాలని ఒకటే పోరు పెట్టింది. మా పై ఆఫీసర్లని బతిమాలి, హెల్మెట్ పెట్టించి, మిషన్‌ని దించే పెద్ద గొయ్యి అంచున కంచె దగ్గర నిలబెట్టాను. చాలాసేపు కిందికి చూసింది.

"ఇంత దాన్ని దించారు సరే. మళ్ళీ ఎట్టా తీస్తారే?"

"ఇక్కడ తీయరు నర్సమ్మా. అవతల స్టేషన్ దగ్గర పైకి తేలుద్ది."

"అప్పటిదాకా ఒక్కతే చీకట్లో పోవాల్సిందేనా?"

"లోపల మనుషులుంటారుగా."

"మనుషులుంటారులే" అంది. "మనుషులు డ్యూటీ దిగి ఇళ్ళకి పోతారు. అది పోదుగా." ఇనుప మిషన్ మీద అంత జాలిపడిన మనిషిని నేను చూడలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వుని ఇప్పుడు గుర్తు చేసుకుంటే బాధగా ఉంది.

తర్వాత నోటీసు వచ్చింది. ఆ మేడ పునాదులు పాతవి. మిషన్ కింద నుంచి దాటే పది రోజులూ ముందు జాగ్రత్తగా అందరూ ఖాళీ చేయాలి. లాడ్జీలో గదులిస్తారు, భోజనం పెడతారు, దాటాక మళ్ళీ ఎవరింటికి వాళ్ళు రావచ్చు. మిగతా వాళ్ళు కాసేపు గొడవపెట్టి ఒప్పుకున్నారు. నర్సమ్మ మాత్రం ససేమిరా అంది. "బతుకంతా ఎవరి గదిలోనో ఉన్నా. ఆసుపత్రి వాళ్ళ క్వార్టర్సు, ఇప్పుడు ఈళ్ళ గది. ఈ వయసులో ఇంక లాడ్జీ కూడానా? నేను మా ఊరు పోతా" అంది. నా ముందే వాళ్ళ అన్న కొడుక్కి ఫోన్ చేసింది. రెండు మాటలు మాట్లాడి పెట్టేసి, దుప్పటి మూల బిగించడం మొదలుపెట్టింది.

"ఏమన్నాడు?"

"మిరప కోతల్లో ఉన్నారంట. ఇంట్లో ఎవరూ ఉండరంట. ఇప్పుడొచ్చి ఏం చేస్తావు అత్తా అన్నాడు."

అతను చెడ్డవాడని చెప్పను. కోతలప్పుడు పల్నాడు పల్లెల్లో పగలు ఇళ్ళకి తాళాలే ఉంటాయి. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. అక్కడే అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, ఒకామెని పంపిస్తన్నా, పది రోజులు ఉంచుకో" అన్నాను. ఎవరు, ఏంటి, ఎందుకు అని అడగలేదు అమ్మ. "పెరుగన్నం పెట్టినామేనా? పరుపుల కొట్టులో పండుకోను చోటు లేకుండా పోయిందా, తీసకరా" అంది. సెలవు పెట్టి నేనే తీసుకొచ్చాను. గుంటూరు దాకా రైలు, అక్కడ నుంచి బస్సు. బస్సు మా వైపుకి మళ్ళినప్పటి నుంచి ఆమె కిటికీలోంచి మొహం తిప్పలేదు. పత్తి చేలు, మిరప కల్లాలు, నాపరాళ్ళ గోడలు ఏది కనపడినా "అబ్బ" అంటూ ఉంది.

మా నాన్న పోయాక కొట్టుని అమ్మ ఒక్కతే నడుపుతోంది. బూరుగు దూది పరుపులు, దిళ్ళు, బొంతలు. అమ్మ నోటి గురించి పేటలో అడిగితే చెప్తారు. అలాంటి అమ్మకి నర్సమ్మ వచ్చిన మొదటి రోజే, మూతికి గుడ్డ కట్టుకోకుండా దూది ఏకుతున్నందుకు చీవాట్లు పెట్టింది. "కాపరానికొచ్చిన కాడి నుంచి ఇట్టానే ఏకతన్నా, ఏమైంది నాకు?" అని అమ్మ ఎదురు తిరిగింది. "దగ్గుతున్నావుగా, అదే అయింది" అని నర్సమ్మ తన తెల్ల చీర చెంగులోంచి ముక్క చించి కట్టింది. మధ్యాహ్నం అన్నంలో అమ్మ పచ్చిమిరపకాయ పచ్చడి వేసింది. మద్రాసు సాంబారుకి అలవాటు పడిన నర్సమ్మకి కళ్ళ వెంట నీళ్ళు. "వొద్దులే అక్కా, పెరుగేసుకో" అంది అమ్మ. "నోర్మూసుకుని ఇంకో ముద్దెయ్యి. ఎన్నేళ్ళయిందో ఈ కారం తిని" అంది నర్సమ్మ. ఆ కన్నీళ్ళు అన్నీ కారానివేనా అన్నది నాకిప్పటికీ అనుమానమే. నేను సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను. గుమ్మంలో ఇద్దరూ నిలబడి చెయ్యి ఊపారు.

అక్కడ మద్రాసులో మిషన్‌కి సగం ఇసుక, సగం రాయి తగిలింది. అలాంటి నేలలో పళ్ళు తొందరగా అరుగుతాయి. మార్చుకుంటూ, ఆగుతూ, మెల్లగా పోవాలి. పది రోజులు కాస్తా నెల దాటాయి. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేసేదాన్ని. నర్సమ్మ అందుకుని మొదట అడిగేది ఒకటే.

"యాడిదాకా వచ్చిందే మిషన్?"

"ఇంకా రెండు వీధులవతలే ఉంది నర్సమ్మా. రాయి తగిలింది."

"పోన్లే పాపం. తొందరేం లేదు, నిదానంగా తవ్వమను."

ఇల్లు పాడవుతుందేమోనని అలా అంటోంది అనుకున్నాను. ఈలోపు ఆమె పరుపులు కుట్టడం మొదలుపెట్టింది. పెద్ద సూదితో, పురి దారంతో, ఆపరేషన్ కుట్లేసినట్టు సమానంగా వేసేదట. "పరుపు కుడతన్నావా, గాయం కుడతన్నావా?" అని అమ్మ ఎగతాళి. పెళ్ళి పరుపులకని బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన వాళ్ళు, పెళ్ళికొడుకు తల్లితో సహా, చేతులు చాపి నాడి చూపించుకుని పోయేవాళ్ళు. మందులేం ఇచ్చేది కాదు. "ఆసుపత్రికి పో" అనో, "నీకేం లేదు, కడుపు నిండా తిని పండుకో" అనో చెప్పేది. శుక్రవారం అమ్మ నమాజు అయ్యేదాకా నర్సమ్మ అన్నం ముట్టదు. ఆదివారం నర్సమ్మ చర్చి నుంచి వచ్చేదాకా అమ్మ ముట్టదు. నాన్న పోయినప్పటి నుంచి నిలబడి నాలుగు ముద్దలు మింగే మా అమ్మ, కూర్చుని అన్నం తింటోందని నాకు పక్కింటి వాళ్ళు చెప్పారు.

చివరికి మిషన్ ఆ మేడ కింద నుంచి దాటిపోయింది. నేను పోయి చూశాను. బిళ్ళ మీద గీత వెంట్రుకవాసి కూడా కదలలేదు. సంతోషంగా ఫోన్ చేశాను. ఆ పూట అమ్మ ఎత్తింది.

"అమ్మా, దాటిపోయింది! నర్సమ్మ ఇంక వాళ్ళింటికి వచ్చేయొచ్చు."

అమ్మ కొట్టులోంచి బయటికి వచ్చినట్టుంది, వీధి చప్పుడు పెద్దదైంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఆమెకి చెప్పబాక."

"ఎందుకు?"

"చెప్తే పొమ్మన్నట్టుండదా?"

"అయితే ఉండమని చెప్పు."

"నీకు సదువొచ్చింది గానీ బుద్ధి రాలా. ఉండిపో అంటే ఆమె ఏమనుకుంటది? దిక్కులేందని ఉంచుకున్నారు అనుకోదా? ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషామె. చెప్పబాక అన్నానా, చెప్పబాక."

అంతలోనే నర్సమ్మ బయటికొచ్చి ఫోన్ లాక్కుంది. "యాడిదాకా వచ్చిందే?" అని అడిగింది. నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది. "మీ ఇంటి కిందికే వచ్చింది నర్సమ్మా. అక్కడే ఆగింది. పళ్ళు మారుస్తన్నారు."

"మార్చనీ, మార్చనీ. నిదానంగా తవ్వమను" అంది.

అప్పటి నుంచి ఆ మిషన్ నర్సమ్మ ఇంటి కిందే ఉండిపోయింది. రోజుకో కథ చెప్పేదాన్ని. ఇవాళ నీళ్ళొచ్చాయి, ఇవాళ కరెంటు పోయింది, ఇవాళ ఎప్పుడూ చూడని రాయి తగిలింది. మా ఆఫీసులో పెద్దవాళ్ళు వింటే నా ఉద్యోగం తీసేసేవాళ్ళు. నిజం మిషన్ అప్పటికే అవతల స్టేషన్లో పైకి తేలి, ముక్కలు ముక్కలుగా విప్పుకుని ఇంకో చోటికి పోయింది.

నెల తర్వాత బిళ్ళలన్నీ తీసేయడానికి ఆ మేడకి పోయాను. నర్సమ్మ గదిలో ఎవరో కొత్త కాపురం. ఉయ్యాల కట్టి ఉంది.  గది అద్దెకిచ్చిన ఇంటావిడని గట్టిగానే అడిగాను, ఆమె సామాను ఏం చేశారని. ఆవిడ నన్ను వింతగా చూసింది. మిషన్ దాటిన వారమే నర్సమ్మ తనకి ఫోన్ చేసి కనుక్కుందని, ఇంక రానని, గది ఎవరికన్నా ఇచ్చుకోమని చెప్పిందని, మంచం పనిమనిషికి ఇమ్మందని నాకర్థమయ్యే తమిళంలో చెప్పింది. ఈ సంగతి నాకు చెప్పొద్దని కూడా చెప్పిందట.

మొదట కోపం వచ్చింది. రోజూ సాయంత్రం నన్ను ఎంత బాగా ఆడిస్తోంది ఈ ముసలామె అనుకున్నాను. ఆ కోపంతోనే ఫోన్ చేశాను. ఎత్తగానే అదే ప్రశ్న, అదే గొంతు. "యాడిదాకా వచ్చిందే?" ఆ గొంతులో ఒక భయం ఉంది. అది మొదటి నుంచీ ఉందని నాకు అప్పుడే తెలిసింది. దాటిపోయింది అని నేను ఎక్కడ అంటానో అని ఆమె భయం. తిరిగి పోవడానికి ఆమెకి గది లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా ఆ మిషన్ ఒక్కటే. "అక్కడే ఉంది నర్సమ్మా, కదల్లేదు" అన్నాను. ఫోన్ పెట్టేసి అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అమ్మకి చెప్పాను, ఆమెకి తెలుసని. "నాకు తెల్సులేవే" అంది అమ్మ తేలిగ్గా. మద్రాసులో మెట్రో స్టేషన్లకి బండలు పరిచే పనికి పోయొచ్చిన మాచర్ల అతనొకడు కొట్టుకి దిళ్ళు కొనడానికి వచ్చి, ఆ వీధి పేరే చెప్పి, సొరంగం అయిపోయింది, మిషన్‌ని కూడా విప్పి తీసకపోయారు అన్నాడట. అమ్మ చేతిలో దూది చేతిలోనే ఉండిపోయిందట. నర్సమ్మ తలెత్తకుండా కుట్టుకుంటూ, "అది వేరే లైనులే నాయనా" అందట.

అలా ఏడాది గడిచింది, ఇంకొకటీ గడుస్తోంది. ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ మాట్లాడం. నర్సమ్మ సంచి మాత్రం ఎప్పుడూ సర్దే ఉండేది. చీరలు ఉతుక్కుని, ఆరేసుకుని, మడిచి మళ్ళీ సంచిలోనే పెట్టుకునేది. అమ్మ గోడ బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టింది. ఇదిగో నీ అర అని చెప్పలేదు. నర్సమ్మ వాడలేదు. ఆ అర అలాగే ఖాళీగా ఉండేది. పోయిన రంజాన్‌కి ఇంటికి వెళ్ళినప్పుడు ఇది చూసి నాకు ఆగలేదు. వెనక గదిలో ఇద్దరమే ఉన్నాం. "నర్సమ్మా, నీకొక మాట చెప్పాలి" అన్నాను. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. "నీకు గుండె దడగా ఉందే. నీళ్ళు తాగు, ముందు నీళ్ళు తాగు" అంది.  నీళ్ళు తాగాను. ఆ మాట చెప్పలేదు. పక్కన కూర్చుని ఉన్న మనిషి కూడా ఎంత దూరంలో ఉండగలదో నాకు ఆ రోజు తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం రైలెక్కి, గుంటూరులో దిగి, బుధవారం తెల్లారి ఇల్లు చేరాను. కొట్టు ముందు షామియానా వేశారు. చర్చి వాళ్ళు పెట్టె తెప్పించారు. అందులో నర్సమ్మ తన తెల్ల చీరలో, నుదుటి మీద ముడత లేకుండా పడుకుని ఉంది. తల కింద కొత్త దిండు. అమ్మ రాత్రంతా కుట్టిందట. కొట్టులో అన్ని దిళ్ళుండగా మళ్ళీ కుట్టడమెందుకని ఎవరూ అడగలేదట, అడిగినా అమ్మ చెప్పేది కాదు.

వాళ్ళ అన్న కొడుకు గురజాల నుంచి వ్యాను కట్టించుకుని వచ్చాడు. వ్యాను ముందు బంతిపూల దండ వేసి ఉంది. మనిషి ఎండకి కమిలిపోయి, కళ్ళు ఎర్రగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ దగ్గరికి వచ్చి, "మా అత్తని బాగా చూసుకున్నారమ్మా. మీ మేలు మర్చిపోం. ఇంక మేం తీసకపోతాం. మా ఊళ్ళోనే పెడతాం. అత్త ఇక్కడ చుట్టంచూపుగా ఉందే గానీ, ఇది ఆమె ఊరు కాదు గదా" అన్నాడు. అన్నదాంట్లో తప్పేం లేదు. చర్చి పెద్దలు కూడా తలలూపారు.  నలుగురు పెట్టె దగ్గరికి వంగారు.

అప్పుడతను ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "నేను చానాసార్లు పిలిచా. ఆ పొద్దు కోతల్లో ఉండి ఏదో అన్నా, ఆ తర్వాత నాకు నిద్ర పట్టలా. ఇంటికి రా అత్తా, నీకు గది కట్టిస్తా అన్నా. ఎప్పుడు పిలిచినా ఒకటే మాట. మిషన్ దాటాక చూద్దాంలేరా అనేది. ఆ మిషన్ ఇంకా దాటలేదంట గదా?"

అమ్మ తలెత్తింది. "ఏమందీ?"

"మిషన్ దాటాక చూద్దాంలే అనేదమ్మా. మొన్నాదివారం కూడా అదే అంది."

అమ్మ నా వంక చూసింది. పోవడానికి ఊరుంది నర్సమ్మకి. గది కట్టిస్తానన్న మనిషి ఉన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు. చోటు లేక కాదు ఆమె మా దగ్గర ఉన్నది.

అమ్మ పెట్టె పట్టుకోబోతున్న వాళ్ళని చేత్తో ఆపింది. పక్కన చతికిలబడి కూర్చుంది. ఇన్నాళ్ళూ గొంతు తగ్గించి దాచిన మాటని వీధి వీధంతా వినేటట్టు అంది.

"అక్కా, మిషన్ పోయింది. ఎప్పుడో పోయింది. నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఇప్పుడు చెప్తన్నా, విను. ఇది నీ ఇల్లు. నువ్వు యాడికీ పోబాక. ఉండిపో."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అన్న కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరేనమ్మా, మీ ఇష్టం. అత్తకి ఇష్టమైన కాడే ఉండనీ" అన్నాడు.

నర్సమ్మని పేటలోనే, చర్చి వాళ్ళ సమాధుల దొడ్లో పెట్టాం. అమ్మ అందరికంటే ముందు మట్టి వేసింది. జనం వెళ్ళిపోయాక మేమిద్దరం ఇంటికి నడుస్తుంటే ఆ వ్యాను మమ్మల్ని దాటి పోయింది. అన్న కొడుకు సమాధి దగ్గరే ఆగిపోయాడు, లోపల డ్రైవరు ఒక్కడే. వెనక తలుపు సరిగ్గా పడక కొట్టుకుంటూ ఉంది. ముందు కట్టిన బంతిపూల దండ ఎవరూ తీయలేదు. గురజాల రోడ్డు మీద అది కనపడినంతసేపు అమ్మ నిలబడి చూసింది.